రీసెట్ నొక్కే ముందు రాసుకోవలసినవి

అండమాన్‌లోని రంగత్ చుట్టుపక్కల నీళ్ల పంపుల దగ్గరా ఐస్ ప్లాంట్లలోనూ మిల్లుల్లోనూ మోటార్లు చూసుకునే మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్, అదే వీఎఫ్‌డీ, ట్రిప్ అయితే ఏం చేయాలో ఈరోజు చెప్పుకుందాం.

సాధారణంగా జరిగేది మీకు తెలుసు. మోటారు ఆగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, రీసెట్ నొక్కి స్టార్ట్ చేస్తాం. మళ్లీ ఆగితే మళ్లీ నొక్కుతాం. షార్ట్ ఉన్న మోటారు మీద ఇలా నొక్కుతూ పోతే డ్రైవ్ లోపలి ఐజీబీటీ, అంటే కరెంటును స్విచ్ చేసే భాగం, పేలిపోవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో స్పేర్ దొరక్కపోతే చెన్నై నుంచో విశాఖ నుంచో తెప్పించుకోవాలి. ఆ తర్వాత రోడ్డు మీద జిర్కాటాంగ్‌లో కాన్వాయ్ కోసం, మిడిల్ స్ట్రెయిట్‌లో ఫెర్రీ కోసం ఎదురుచూపులు ఉండనే ఉన్నాయి. అన్నాళ్లూ పంపు మూలన పడి ఉంటుంది. కాబట్టి ముందు కోడ్ చదవండి, రాసుకోండి, కారణం చూడండి. రీసెట్ సంగతి ఆ తర్వాత.

డ్రైవ్ 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటును ముందు డీసీగా మారుస్తుంది. 560 నుంచి 580 వోల్టుల దాకా ఉండే ఆ డీసీని మళ్లీ ఏసీ చేసి, కావలసిన ఫ్రీక్వెన్సీలో మోటారుకు పంపుతుంది. ఆ డీసీ వోల్టేజీ, మోటారు కరెంటు, లోపలి వేడి ఎంతున్నాయో ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉంటుంది. హద్దు దగ్గరపడితే అలారం ఇస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. హద్దు దాటితే ఫాల్ట్ చూపించి మోటారును వదిలేస్తుంది. అలారం వచ్చిన రోజే ఫ్యానూ ఫిల్టరూ చూస్తే చాలా ఫాల్టులు రానే రావు.

కోడ్ ఒకటే అయినా కంపెనీని బట్టి అర్థం మారుతుంది. ఎఫ్ 0003 అంటే సీమెన్స్ మైక్రోమాస్టర్ 440లో వోల్టేజీ తగ్గిందని. ఏబీబీ ఏసీఎస్ 550లో అదే నంబరుకు డ్రైవ్ వేడెక్కిందని అర్థం. పక్క ప్లాంటువాళ్లు చెప్పింది పట్టుకుని మన డ్రైవ్ విప్పకూడదు. మాన్యువల్‌లోని ఫాల్ట్ పేజీలు జిరాక్స్ తీసి ప్యానెల్ తలుపు లోపల అతికించండి.

మన దీవులకు మెయిన్‌ల్యాండ్ గ్రిడ్ లేదు, ఎక్కువగా డీజిల్ జనరేటర్ల కరెంటే. పెద్ద లోడు ఎక్కినప్పుడు వోల్టేజీ కుంగి అండర్ వోల్టేజ్ చూపిస్తే, అది డ్రైవ్ తప్పు కాదు. ఈ ఒక్క ఫాల్టుకు ఆటో రీసెట్ పెట్టుకోవచ్చు. అదీ కొన్నిసార్లకే పరిమితం చేసి, మోటారు తనంతట తాను తిరిగినా మనిషికి ప్రమాదం లేని చోటే. ఓవర్ కరెంటుకూ ఎర్త్ ఫాల్టుకూ ఎప్పుడూ పెట్టకండి.

ఓవర్ వోల్టేజ్ చాలాసార్లు మోటారును ఆపేటప్పుడు వస్తుంది. బరువైన చక్రాన్ని గబుక్కున ఆపబోతే మోటారే జనరేటరై కరెంటును వెనక్కి తోస్తుంది. ఆగే టైము పెంచండి. తొందరగా ఆగాల్సిందే అంటే బ్రేక్ రెసిస్టర్ వేయించండి.

ఇక ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు ఎర్త్‌కు కారడం. ఉప్పుగాలి, నెలల తరబడి వాన, ఈ రెండూ ఉన్న మన చోట దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మెయిన్ ఆపి తాళం వేయండి. డిస్‌ప్లే ఆరిపోయినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. మాన్యువల్ చెప్పినంతసేపు, ఎంత తక్కువైనా 5 నిమిషాలు ఆగి, డీసీ ప్లస్, మైనస్ మధ్య మీటరు పెట్టి చూసుకోండి. తర్వాత యూ, వీ, డబ్ల్యూ వైర్లు డ్రైవ్ నుంచి విప్పి, మోటారు వైపు మాత్రమే ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టండి. డ్రైవ్‌కు మెగ్గర్ తగిలిందా, మంచి డ్రైవ్ కూడా పోతుంది. రీడింగు 1 మెగా ఓమ్‌కు తక్కువుంటే మోటారు టెర్మినల్ బాక్స్ తెరవండి. గ్లాండ్ వదులై నీరు దిగిందేమో, లగ్గుల మీద పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. అక్కడ బాగుంటే కేబుల్‌నూ మోటారునూ విడదీసి, దేనికది పరీక్షించండి.

డ్రైవ్‌లో ఫాల్ట్ చరిత్ర కూడా ఉంటుంది. ఏసీఎస్ 550 చివరి 3 ఫాల్టులు దాచుకుంటుంది. ఆఖరి ఫాల్టు వచ్చిన క్షణాన స్పీడు, వోల్టేజీ, కరెంటు ఎంతో కూడా చెబుతుంది. అవన్నీ రాసుకోండి. స్టార్టింగులో ఆగిందా, నడుస్తుండగానా, ఆపుతుండగానా అన్నదీ రాయండి.

"డ్రైవ్ పోయిందండీ" అని ఫోను చేస్తే మెకానిక్కు ఉత్త చేతులతో వచ్చి, చూసి, సామాను కోసం మళ్లీ వెళ్లాలి. "ఫలానా మోడల్, ఎర్త్ ఫాల్ట్, స్టార్ట్ చేయగానే వస్తోంది, మోటారు మెగ్గర్ సున్నా" అని చెప్పి చూడండి. డ్రైవ్ జోలికి పోకుండా, మోటారు వైండింగుకు కావలసినవి సర్దుకుని ఫెర్రీ ఎక్కుతాడు.