చిన్న తరగతుల్లో స్లిప్ టెస్ట్

మూడో తరగతి పిల్లలకు 52 లోంచి 27 తీసివేయమని ఇచ్చి చూడండి. కొందరు 35 అని రాస్తారు. అది పరాకు కాదు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశారు. అదే 58 లోంచి 27 అని ఇచ్చి ఉంటే వాళ్లూ 31 అని సరిగ్గానే రాసేవారు, లోపం బయటపడేదే కాదు. ప్రశ్నను ఎంచుకోవడంలోనే టీచరు పనితనమంతా ఉంది.

స్లిప్ టెస్టుకు నాలుగైదు లెక్కలు చాలు. మొదటిది అందరికీ వచ్చేదై ఉంటే భయం పోతుంది. వాక్యాలు తేలిగ్గా ఉండాలి. చదవలేక తప్పిన బిడ్డను లెక్క రాని బిడ్డ అనుకోవడం అన్యాయం. పేపర్లు మర్నాటికల్లా తిరిగివ్వాలి. ఇంటూ పెట్టి వదిలేయకుండా, పదేసి పుల్లల కట్టలు చేతికిచ్చి, ఒక కట్ట విప్పించి, ఆ తీసివేతే మళ్లీ చేయించాలి. ఆ తర్వాత అలాంటిదే ఇంకో లెక్క ఇవ్వాలి.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలంది. మార్కుల రిజిస్టరు నింపినంత మాత్రాన అది జరిగినట్టు కాదు, ఇలా తప్పు ఎక్కడుందో చూసి సరిదిద్దితేనే జరిగినట్టు.

అమ్మానాన్నలకు ఒక మనవి. పేపరు ఇంటికొచ్చినప్పుడు మార్కులెన్ని అని కాకుండా, "ఈ లెక్క ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడగండి.