చేనేత అంగడియు, చేతిపలకయు
(సూర్యలంకలో జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నూలు ధరలను గూర్చియు, సహకార సంఘముల బకాయిలను గూర్చియు, విద్యార్థి వేతనములను గూర్చియు పెద్దలు ఇదివఱకే సెలవిచ్చిరి. మాకు అప్పగించిన విషయము చిన్నదిగ తోఁచును. మన వ్యాపారపు వెబ్‌సైటు ట్యాబ్లెట్టునందు, అనఁగా జనులు ట్యాబ్ అని పిలుచు చేతిపలకయందు, చక్కగ పనిచేయునట్లు చేయుట యెట్లు అనునదియే. ఇది యువకుల వేడుక యని కొందఱు తలఁపవచ్చును. కాని దీనియందు మన కూటి ప్రశ్న యిమిడియున్నదని మనవి చేయుచున్నాము.

మొదట మా తప్పిదమును చెప్పుకొందుము. మేము చీరాల ప్రాంతమున తరతరములుగ మగ్గమును నమ్ముకొన్నవారము. కొంతకాలము క్రిందట ధనము వెచ్చించి మా చీరల కొక సైటు చేయించితిమి. మా యింటి పెద్ద కంప్యూటరునందు దానిని చూచి మురిసితిమి. ఒకనాఁడు సెలవులకు సూర్యలంక వచ్చిన యొక కుటుంబమువారు బసలో కూర్చుండి తమ ట్యాబునందు మా చీరలు చూడఁబూనిరి. ఆ యింటి పెద్దావిడ కుప్పడము చీర యంచును దగ్గరగ చూడఁగోరి, రెండు వ్రేళ్లతో తెరను సాగదీసెను. బొమ్మ పెద్దది కాలేదు. వెల తెలిసికొనఁ గోరెను. ఆ వెల మౌసు బాణము బొమ్మపైకి వచ్చినప్పుడు మాత్రమే కనఁబడునట్లు కట్టఁబడియుండెను. ట్యాబునకు మౌసెక్కడిది? ఆమె మఱునాఁడు మా యంగడికే వచ్చి, "నాయనా, మీ బట్ట మంచిదే. మీ బొమ్మల కొట్టుకే తలుపు తెరుచుకోలేదు" అనెను. ఆమె వచ్చినది గనుక మా తప్పు మాకు తెలిసినది. రాకయే మరమగ్గపు నకలు కొని వెడలిన వారి మాట యేమి?

కుప్పడమునందు నడుమ పోగును అంచు పోగును ఒకదానితో నొకటి పెనవేయుదుము గదా. ఆ పనితనము బట్ట వెనుకవైపున బాగుగ తెలియును. ముందువైపు మాత్రము చూచిన కొత్తవారికి నకలును అసలువలెనే కనఁబడును. 1985 నాఁటి చేనేత రిజర్వేషను చట్టము కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించినను, కొనువారి కన్ను గుర్తింపనిచో చట్ట మొక్కటియే మనలను కాపాడఁజాలదు. ఫోనుకంటె పెద్దదియై, నలుగురును కూడి చూచుటకు వీలగు ట్యాబు తెర ఆ పనితనమును చూపుటకు తగిన సాధనము. దానిని మనమే మూసివేసికొనుట యెంతటి యవివేకము!

ఆపిల్ వారి ఐప్యాడ్ 2010 ఏప్రిల్ 3వ తేదీన అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. మన దేశమున ఆకాశ్ అను చవుక పలక 2011 అక్టోబరులో వెలువడెను. మన బాపట్ల జిల్లాలోని యడ్లపల్లి గ్రామముననే 2022 డిసెంబరు 21న ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి బాలబాలికలకు ట్యాబుల పంపిణీని ప్రారంభించిరి. నాఁడు రాష్ట్రమునందు ఇచ్చినవి 5 లక్షలకు పైగా నుండెను. కావున ఇది పరదేశపు వింత యని యెవ్వరును త్రోసివేయరాదు.

ఇఁక చేయవలసిన దేమి? మొదటిది వెడల్పు. తొలి ఐప్యాడ్ నిలువుగ పట్టిన 768 పిక్సెళ్లు, అడ్డముగ త్రిప్పిన 1024 పిక్సెళ్లు వెడల్పు. పెద్ద కంప్యూటరుకే కొలిచి కట్టిన పుట ఇందు ఇమడదు. 2010 మే నెలలో ఈథన్ మార్కోట్ అను అమెరికా శిల్పి, తెర వెడల్పునుబట్టి పుట తన్నుఁ దాను సరిదిద్దుకొను పద్ధతిని ప్రకటించెను. నేఁడు లోకమంతయు దానినే యనుసరించుచున్నది. మనకిది కొత్త గాదు. కుట్టిన చొక్కా ఒక్కనికే సరిపోవును; మనము నేయు చీర యెవరి యొడలికైనను అమరును. సైటును చీరవలె నుండవలయును. ట్యాబునకు వేఱొక సైటు కట్టుదుమని చెప్పువారికి ధనమీయకుఁడు. వచ్చిన యంత్రము పేరునుబట్టి పుటను పంపుటయు తగదు. 2019 నుండి ఐప్యాడ్ తాను పెద్ద కంప్యూటరునని చెప్పుకొనుచున్నది.

రెండవది వ్రేలు. మౌసు బాణపు మొన సన్నము, మనుష్యుని వ్రేలు లావు. నొక్కవలసిన గుర్తు 44 పాయింట్లకు తగ్గరాదని ఆపిల్ వారును, సుమారు 9 మిల్లీమీటర్లుండవలెనని గూగుల్ వారును నియమించిరి. "కొనుము", "వలదు" అనునవి యంటుకొనియున్నచో కొనఁదలఁచినవాఁడు వలదని నొక్కును. వెల, కొలత, నూలు రకము ఎల్లప్పుడును కనఁబడుచుండవలయును.

మూఁడవది బొమ్మ. సాగదీసి చూచుటను నిషేధింపరాదు. ఒక్కొక్క చీరకు అంచు, కొంగు, వెనుకవైపు వేఱువేఱుగ బొమ్మలు తీయవలయును. వానిని రెండు మూఁడు పరిమాణములలో నుంచి, తెరకు తగినదానినే పంపునట్లు ఏర్పఱుపవలయును. లేనిచో సంకేతము బలహీనమైనచోట పుట తెఱచుకొనులోపలనే కొనువారి యోపిక తీఱును.

నాల్గవది అక్షరము. తెలుఁగును బొమ్మగ నతికింపక యూనికోడు అక్షరములతోనే వ్రాయవలయును. అప్పుడే అది తెరననుసరించి పంక్తులు మార్చుకొనును. మన లిపికి క్రింద వత్తులు, పైన గుడులు గలవు గనుక పంక్తుల నడుమ ఎడము ఇంగ్లీషునకంటె ఎక్కువ యుంచవలయును. లేత బూడిదరంగు అక్షరములు ఈ సముద్రపు టెండలో కానరావు.

అయిదవది చిరునామా వ్రాయు పత్రము. తెరమీఁది మీటలపలక పైకివచ్చినప్పుడు తెరలో చాల భాగము కప్పఁబడును. అందుచే గడులు కొలఁదిగ నుండవలెను. ఫోను నంబరు గడిని తాకిన అంకెల మీటలే రావలెను.

మేము ఈ మార్పులన్నియు చేయించితిమి. పిదప సైటును మెచ్చుకొనుటకు మాఱుగ పరీక్షింపసాగితిమి. మా మగ్గములయొద్ద ఆసులు పోయు ముసలమ్మ చేతికి ట్యాబిచ్చి, నిలువుగను అడ్డముగను త్రిప్పించి, ఒక చీర కొనుమంటిమి. ఆమె తడఁబడినచోట నెల్ల తప్పు మాదే యని వ్రాసికొంటిమి. కట్టించిన నిపుణునికంటె ఆమెయే మాకు మంచి గురువైనది.

మహాజనులారా! చేనేతవారి పక్షమున జీవితమంతయు పోరాడిన ప్రగడ కోటయ్యగారు (1915–1995) మన ప్రాంతమువారే. నేఁత నేర్పు మనచేతనే యున్నను, అది కొనువాని కన్నులకు చేరు త్రోవ పరుల చేతిలో నున్నంతకాలము లాభమును వారిదే. కావున పోషకులకు మా విన్నప మొక్కటే. మన సంఘ భవనమున రెండు వేఱువేఱు కొలతల ట్యాబులుంచి, మన కులస్థుల సైటులను ఉచితముగ పరీక్షించు ఏర్పాటు చేయుఁడు. వ్యయము స్వల్పము. చదువుకొన్న మన యాఁడుపిల్లలు, మగపిల్లలు ఆ పనికి చాలుదురు.

మా తప్పు మీకు పాఠమగుఁగాక.