కాటా మీద ఉన్న బండి

(గోవాడలో భక్తుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగ పాఠం)

 

దేవుని సన్నిధిలో అప్పుల గురించి మాట్లాడమని నన్ను కోరినప్పుడు మొదట కొంత సంకోచించాను. తరువాత నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. మనం కొలిచే ఏడుకొండల స్వామిని వడ్డికాసులవాడని ప్రేమగా పిలుచుకుంటున్నాము కదా! పద్మావతీ పరిణయం కోసం ఆయన కుబేరుని వద్ద ఋణం తీసుకున్నాడని, ఆ ఋణపత్రానికి బ్రహ్మ, శివుడు, అశ్వత్థ వృక్షం సాక్షులుగా నిలిచారని పురాణ కథ. సాక్షాత్తు లక్ష్మీపతికే పత్రమూ సాక్షులూ తప్పలేదు. సొంత ఇల్లు కట్టుకోదలచిన సామాన్య గృహస్థునికి ఎలా తప్పుతాయి?

ఆ సాక్షుల స్థానంలో ఈనాడు ఋణ సమాచార సంస్థలు కూర్చున్నాయి. 2000 సంవత్సరంలో సిబిల్ అనే సంస్థ ఏర్పడింది. 2005లో పార్లమెంటు ఇటువంటి సంస్థల కోసం ఒక చట్టం చేసింది. నేడు దేశంలో నాలుగు సంస్థలు ఈ పని చేస్తున్నాయి. మనం తీసుకున్న పంట ఋణం, బంగారం మీద ఋణం, దుకాణంలో వాయిదాల మీద కొన్న ఫోను, సమయానికి కట్టిన వాయిదా, కట్టక తప్పిన వాయిదా, అన్నీ అక్కడ నమోదవుతాయి. వాటన్నిటినీ కలిపి 300 నుండి 900 వరకు ఒక అంకె వేస్తారు. ఏ సంస్థ వేసినా లోకం దానిని సిబిల్ స్కోరు అనే పిలుస్తోంది. పూర్వం ఈ సమాచారం నెలకొకసారి చేరేది. 2025 జనవరి నుండి పదిహేను రోజులకొకసారి పంపవలసిందేనని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. కాబట్టి ఈ నెల చేసిన పని వచ్చే నెలకు గాని తెలియదులే అన్న ధీమా ఇక చెల్లదు.

గోవాడ వారికి కాటా అంటే ఏమిటో నేను చెప్పనవసరం లేదు. రైతులే సభ్యులుగా వెలసిన సహకార చక్కెర కర్మాగారం వల్ల ఈ ఊరి పేరు నలుదిశలా తెలిసింది. చెరకు బండి కాటా మీద నిలిచినప్పుడు బండి మీదకు ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు, ఒక మోపు వేయరు, ఒక గడ తీయరు. తూకం చీటీ చేతికి వచ్చిన తరువాతనే ఏదైనా. ఇంటి ఋణానికి దరఖాస్తు పెట్టిన నాటి నుండి డబ్బు చేతికి అందే వరకు మనమూ అలాగే కాటా మీద ఉన్నట్టు. ఆ సమయంలో కొత్త క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేయడమంటే, తూకం సాగుతుండగా బండి మీదకు ఎక్కడమే.

నేను ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాలలో ఈ ప్రాంతపు చెరకు రైతు కుమారుడొకడు ఇంటి ఋణం కోసం వచ్చాడు. పరవాడ వైపు ఔషధ కర్మాగారంలో ఉద్యోగం. నెమ్మదైన పిల్లవాడు. జీతం సక్రమంగా పడుతోంది, స్థలం కాగితాలు బాగున్నాయి, ఏ వాయిదా తప్పిన చరిత్రా లేదు. ఋణం మంజూరు పత్రం కూడా ఇచ్చాము. గృహప్రవేశానికి ఫ్రిజ్జు, టీవీ ముందే కొనిపెట్టుకుందామని విశాఖలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాడు. అక్కడ బల్ల వేసుకుని కూర్చున్నవారు, ఈ కార్డు తీసుకుంటే రెండువేలు తగ్గిస్తామన్నారు. తీసుకున్నాడు. కొన్న సరుకును నెలసరి వాయిదాలుగా మార్చుకున్నాడు. డబ్బు విడుదల చేసే ముందు మేము నివేదికను మరొకసారి చూశాము. కొత్త దరఖాస్తు, కొత్త కార్డు, కొత్త వాయిదా, మూడూ అందులో కనిపించాయి. "కార్డు వేరు, ఇల్లు వేరు కదండీ!" అన్నాడు అమాయకంగా. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు. చాలామంది అభిప్రాయం అదే.

వేరు కావని చెప్పడానికి ఒక లెక్క చూపుతాను. పెద్దలు ఓపిక పట్టాలి. నెలకు 50,000 రూపాయల జీతం వచ్చే మనిషి అన్ని వాయిదాలకూ కలిపి అందులో సగం కట్టగలడని బ్యాంకు అంచనా వేసిందనుకుందాము. అంటే 25,000. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ గడువుతో తీసుకున్న ప్రతి లక్షకూ నెలకు సుమారు 868 రూపాయల వాయిదా పడుతుంది. ఆ లెక్కన అతనికి 28 లక్షల 80 వేల వరకు ఋణం అందుతుంది. ఇప్పుడు కార్డు మీద నెలకు 3,000 వాయిదా చేరిందనుకోండి. ఇంటికి మిగిలేది 22,000. ఋణం 25 లక్షల 35 వేల దగ్గర ఆగిపోతుంది. ఒక ఫ్రిజ్జు, ఒక టీవీ, ఆ రెండు కలిసి దాదాపు మూడున్నర లక్షల ఇంటిని మింగేశాయి! ఆ కుర్రవాడు పునాది వేసి, శ్లాబు దగ్గర డబ్బు చాలక నిలబడవలసిన పరిస్థితి అది.

స్కోరు సంగతి వేరే ఉంది. కార్డుకు దరఖాస్తు పెట్టగానే ఆ సంస్థ మన నివేదికను తెప్పించి చూస్తుంది. ఆ చూపు ఒక విచారణగా నమోదై స్కోరును కొద్దిగా తగ్గిస్తుంది. ఒక్క దరఖాస్తుకు తగ్గేది స్వల్పమే. అయితే నెల రోజులలో నాలుగు చోట్ల అడిగితే, ఈ మనిషికి డబ్బుకు కటకటగా ఉందని చూసేవారికి తోస్తుంది. ఇప్పుడు అనేక బ్యాంకులు ఇంటి ఋణపు వడ్డీని స్కోరును బట్టి మెట్లుగా నిర్ణయిస్తున్నాయి. మెట్టు అంచున ఉన్నవాడికి ఆ స్వల్పమే పెద్దదవుతుంది. 30 లక్షల ఋణం, ఇరవై ఏళ్ళ గడువు. ఎనిమిదిన్నర శాతమైతే వాయిదా 26,035. పావు శాతం పెరిగి ఎనిమిది ముప్పావు అయితే 26,511. నెలకు 476 రూపాయలే కదా అనిపిస్తుంది. వడ్డీరేటు మారకుండా ఉంటే ఇరవై ఏళ్ళకు అది లక్షా పద్నాలుగు వేలు దాటుతుంది. దుకాణంలో తగ్గించింది రెండువేలు!

ఇంటి విలువ అంతటికీ బ్యాంకు ఋణం ఇవ్వదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఋణం 30 లక్షల లోపైతే విలువలో 90 శాతం, 75 లక్షల లోపైతే 80 శాతం, అంతకు మించితే 75 శాతం, అంతవరకే. రిజిస్ట్రేషను ఖర్చులు సాధారణంగా ఆ లెక్కలోకి రావు. చేతి నుండి పెట్టవలసిన ఆ సొమ్ము కోసం కొందరు కొత్త కార్డుల మీద నగదు తీస్తున్నారు. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ! మన ఊళ్ళలో ఒకప్పటి వడ్డీ వ్యాపారిని తిట్టినవాళ్ళమే, అంతకు మించిన వడ్డీని నవ్వుతూ ఒప్పుకుంటున్నాము. ఆ సొమ్ము సమకూరే వరకు ఇల్లు ఒక సంవత్సరం ఆగినా నష్టం లేదని నా అభిప్రాయం.

ఇంతగా చెప్పానని కార్డు పాపమని అనుకోవద్దు. ఎన్నడూ అప్పు ఎరుగనివారికి సాక్షులే ఉండరు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలి ఋణాన్ని నిరాకరించరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది గాని, మంచి చరిత్ర ఉంటే పని సులువవుతుందన్నది నిజం. ఇల్లు రెండేళ్ళ తరువాత అనుకునేవారు ఇప్పుడు ఒక కార్డు తీసుకుని, పరిమితిలో మూడోవంతు దాటకుండా వాడి, ప్రతి నెలా పూర్తిగా కడితే అదే మేలు చేస్తుంది. బెల్లం వండేవారికి తెలిసిన సంగతే: పాకం ఒకటే, దించే సమయంలోనే ఉంది అంతా. ఉన్న పాత కార్డును ఇంటి ఋణం ముందు తొందరపడి రద్దు చేయడం కూడా మంచిది కాదు. ఏళ్ళ తరబడి మంచి సాక్ష్యం చెప్పిన కార్డు అది.

తండ్రులకు ఒక మాట. కుమారునితో కలిసి మీరు సంతకం చేస్తే మీ నివేదికను కూడా చూస్తారు. పంట ఋణం గడువు మీరిందా, ఎవరికో హామీ సంతకం పెట్టి మరచిపోయారా, అవన్నీ ఆనాడు బయటపడతాయి. స్నేహితునికి పెట్టిన హామీ మన పేరున అప్పుగానే కనిపిస్తుంది.

నివేదికను మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు. ఏడాదికి ఒకసారి ప్రతి సంస్థా పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఇంటి ఋణానికి ఆరు నెలల ముందే తెప్పించి చదవండి. మనం తీసుకోని అప్పు అందులో కనిపిస్తే ఫిర్యాదు చేయండి. ముప్పై రోజులలో పరిష్కరించకపోతే ఆ తరువాత రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని నియమం ఉంది. ఫోనులో "మీకు కార్డు ముందే మంజూరైంది, సరేనంటే చాలు" అనేవారికి సరే అనకండి. అడగని కార్డు ఇంటికి వస్తే దానిని వాడుకలోకి తేవద్దు. ముప్పై రోజులు అలా ఉంచితే వారు మన సమ్మతి కోసం ఫోనుకు ఒక సంఖ్య పంపి అడగాలి. మనం ఇవ్వకపోతే రుసుము లేకుండా ఆ ఖాతాను మూసివేయాలి.

ఇప్పటికే తీసుకున్నవారు ఉంటే భయపడవద్దు, దాచవద్దు. ఆ కుర్రవాడికి మేము చెప్పింది ఇదే. తండ్రికి చెరకు డబ్బు అందగానే కార్డు బాకీ మొత్తం కట్టించాము. బాకీ లేదన్న పత్రం తెప్పించాము. నివేదికలో ఆ వాయిదా ముగిసినట్టు కనిపించే వరకు ఆగమన్నాము. గృహప్రవేశం అనుకున్న ముహూర్తానికి కాలేదు. మరుసటి వైశాఖంలో జరిగింది. నేను వెళ్ళాను. ఫ్రిజ్జు అప్పటికి ఏడాది పాతదైంది.