మలేరియా క్రిమి నిలుపుకొన్న మూడు జన్యువులు



కాటన్‌పేట వాసులకు దోమను పరిచయము చేయనక్కరలేదు. 1883లో ఈ బెంగుళూరిలోనే సైనిక వైద్యుడుగా నుండిన రోనాల్డ్ రాస్, నిలువనీటిని తొలగించినచో దోమలు తగ్గునని గ్రహించెను. పిదప 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో, దోమ కడుపుగోడయందు మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ క్రిమి ఒకే కణముగల ప్రాణి. నేడు నేను మనవి చేయదలచినది ఆ కణములోని మైటోకాండ్రియాను గూర్చి.

మైటోకాండ్రియా కణమునకు శక్తి నొసగు పొయ్యివంటిది. అది పూర్వము స్వతంత్రముగా బ్రదికిన బాక్టీరియాయే యనియు, వేరొక కణమున జేరి అచటనే నిలిచిపోయినదనియు 1967లో లిన్ మార్గులిస్ అను విదుషీమణి వాదించెను. పలువురు నమ్మలేదు. తరువాత జన్యువులే సాక్ష్యమిచ్చినవి. ఈ అతిథి తనతో దెచ్చుకొన్న జన్యువులలో అనేకము నశించినవి. కొన్ని ఇంటి యజమాని పెట్టెలోనికి, అనగా కణకేంద్రకములోనికి, చేరినవి. రెక్లినోమోనాస్ అను ఏకకణజీవి మైటోకాండ్రియాలో నేటికిని 97 జన్యువులు కలవని 1997లో తేలినది. మానవునిలో 37, అందు ప్రొటీనులను నిర్మించునవి 13. మలేరియా క్రిమిలోనో, అట్టివి మూడే మూడు! దాని జన్యుపత్రమంతయు సుమారు 6,000 అక్షరములు మాత్రమే.

ఇంత దరిద్రములో ఆ మూడింటినైనను ఏల విడువలేదు? మన రక్తములో నున్నంతకాలము ఆ క్రిమి చక్కెరను అరకొరగా కరిగించియే పొట్ట పోసికొనును. జన్యుపదార్థమునకు వలయు ముడిసరకు కొరకు మాత్రము మైటోకాండ్రియాపై ఆధారపడును. అటోవాక్వోన్ అను ఔషధము దెబ్బకొట్టునది అచటనే. ఆ మూడు జన్యువులలో నొకటైన సైటోక్రోమ్-బి నిర్మించు ప్రొటీనును అది స్తంభింపజేయును. అయితే ఆ జన్యువులో ఒక్క అక్షరము మారినను మందు పారదు. రోగికి జ్వరము తిరుగబెట్టును. అట్టి మొండిక్రిమి ఊరూర వ్యాపించునేమో యని వైద్యులు భయపడుట సహజమే కదా!

2016లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఆ మొండిక్రిములను దోమలకెక్కించి చూచిరి. దోమలో బ్రదుకుటకు పొయ్యి పూర్తిగా మండవలెను. మారిన జన్యువుతో అది సరిగా మండదు. కావున క్రిమి దోమ దేహములో ఎదుగజాలక, మరియొకరికి సంక్రమింపలేకపోయినది. మందును తప్పించుకొన్న క్రిమి దోమకు చిక్కినదన్నమాట! రాస్ చూచిన ఆ కడుపుగోడ దగ్గరనే ఈ కథ మలుపు తిరుగుట నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పినది.

ఈ ఊరట అన్ని మందులకును వర్తింపదు. ఆర్టెమిసినిన్‌కు లొంగని క్రిములలో మారినది కేంద్రకములోని జన్యువు. అవి దోమలగుండ నిరాటంకముగా సాగి, ఆగ్నేయాసియాలో ఇప్పటికే విస్తరించినవి.