చెట్టు మీది మోకు, సాగర్ కట్ట: బలం గురించి నాలుగు మాటలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను 'బలాలు' అనే పాఠం మీద పిల్లలకు అర్థమయ్యేలా మాట్లాడమన్నారు. ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఇదే బడిలో, తొమ్మిదో తరగతిలో, ఈ పాఠం మీద పెట్టిన యూనిట్ పరీక్షలో నాకు 25కి 11 వచ్చాయి. పేపరు చేతికిస్తూ మా సైన్సు సారు తిట్టలేదు. "సూత్రాలన్నీ రాసినవ్ రా, బలం ఎక్కడుందో ఒక్కచోట చూపియ్యలే" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా సివిల్ ఇంజనీరుగా పనిచేశాక, ఆ మాటకు ఇవాళ జవాబు చెప్పుకుందామని వచ్చాను.

సారు ఆ రోజుల్లో మమ్మల్ని ఒక ప్రశ్నతో ఏడిపించేవారు. ఎద్దులు బండిని ఎంత బలంతో లాగుతాయో, బండి కూడా ఎద్దులను అంతే బలంతో వెనక్కి లాగుతుంది. ఇది న్యూటన్ మూడో నియమం. రెండూ సమానమైతే బండి కదలకూడదు కదా, మరి ఎట్లా కదులుతున్నది? తరగతిలో ఎవరమూ చెప్పలేకపోయాం. ఆయన మమ్మల్ని బయటికి తీసుకుపోయి, కొట్టం ముందున్న బండి దగ్గర నిలబెట్టి చూపించారు. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద లేవు. ఒకటి బండి మీద ఉంది, ఇంకొకటి ఎద్దుల మీద ఉంది. బండి కదులుతుందా లేదా తేల్చాలంటే బండి మీద పడే బలాలనే చూడాలి: ముందుకు ఎద్దుల లాగుడు, వెనక్కి నేల, ఇరుసు పెట్టే అడ్డు. ఎద్దుల సంగతి తేల్చాలంటే వాటి గిట్టల కింది నేలను చూడాలి. గిట్ట నేలను వెనక్కి తన్నుతుంది, నేల ఎద్దును ముందుకు నెడుతుంది. అందుకే బురదలో ఎంత బలమైన ఎద్దయినా జారుతుంది. దాని కండలో బలం తగ్గలేదు, తిరిగి నెట్టడానికి నేలకు పట్టు లేదు.

పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. లెక్క మొదలుపెట్టే ముందు ఏ వస్తువు సంగతి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఆ వస్తువు బొమ్మ ఒక్కటే గీసి, దాన్ని ముట్టుకుంటున్న ప్రతి దాని దగ్గరా ఒక బాణం గుర్తు పెట్టాలి. భూమి లాగే బాణం ఎట్లాగూ ఉంటుంది. మేం పెద్ద పెద్ద వంతెనలకు చేసే పని కూడా ఇదే.

ఇక తాటిచెట్టు దగ్గరికి వద్దాం. మా తరగతిలో ఒక మిత్రుడు ఉండేవాడు. వాళ్ళ నాయన గీత కార్మికుడు. ఆ మిత్రుడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు, అతను సరేనన్నాకే ఈ సంగతి చెబుతున్నాను. ఒక ఆదివారం వాళ్ళ నాయన మాకు మోకు వేసి రెండు మూడు అడుగుల ఎత్తులో నిలబడటం నేర్పించాడు. నేను భయంతో చెట్టును గట్టిగా కావలించుకున్నాను. వెంటనే కాళ్ళు జారి కింద పడ్డాను. ఆయన నవ్వి, "భయపడి చెట్టును కావలించుకున్నోడే జారుతడు బిడ్డా, ఎనుకకు వాలాలె" అన్నాడు.

అందులో ఉన్న భౌతికశాస్త్రం నాకు కాలేజీకి పోయాక గాని తెలియలేదు. మనిషి బొమ్మ గీయండి. ఆయనను ముట్టుకుంటున్నవి రెండే: నడుము చుట్టూ, చెట్టు చుట్టూ ఉన్న మోకు, పాదాల దగ్గర చెట్టు. మనిషి వెనక్కి వాలితే బరువు చెట్టుకు దూరంగా పోతుంది. ఆ బరువు అతన్ని పాదాల దగ్గర మడతబందులాగా వెనక్కి తిప్పాలని చూస్తుంది. మోకు ఆపుతుంది, అంటే మోకు అతన్ని చెట్టువైపు లాగుతుంది. ఆ లాగుడుకు సమానంగా పాదాలు చెట్టును ఒత్తుతాయి. ఒత్తిడి ఎంత పెరిగితే ఘర్షణ అంత పెరుగుతుంది. కిందికి జారకుండా పట్టుకునేది ఆ ఘర్షణే. చెట్టును కావలించుకున్నవాడి బరువు చెట్టుకు దగ్గరగా ఉంటుంది, పాదాలు చెట్టును గట్టిగా ఒత్తవు, పట్టు దొరకదు. మన భయం చెప్పేదానికీ లెక్క చెప్పేదానికీ ఇక్కడ పొంతన లేదు.

అదే లెక్క ఇంకొకటి కూడా చెబుతుంది. వానకు చెట్టు తడిస్తే ఘర్షణ గుణకం పడిపోతుంది. అది సగమైతే, అదే పట్టుకోసం రెండింతలు ఒత్తాలి. మనిషి అంత వాలలేడు. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ముసురు రోజున మిత్రుని నాయన చెట్టు మీదినుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుము దక్కలేదు. మిత్రుడు అర్ధసంవత్సరం పరీక్షలు రాయలేదు, ఆ తరువాత బడికి రాలేదు. హాజరు పిలిచేటప్పుడు సారు కొన్నాళ్ళ దాకా ఆ పేరు పిలిచి, ఒక్క క్షణం ఆగి, తరువాతి పేరు పిలిచేవారు.

పడటం వల్ల ఎముకలు విరగవు, ఆగటం వల్ల విరుగుతాయి. 15 మీటర్ల ఎత్తునుంచి పడితే నేలకు చేరడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అప్పటికి వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగమంతా నేల మీద 10 సెంటీమీటర్ల లోపల ఆగిపోతే, శరీరం మీద పడే సగటు బలం దాని బరువుకు సుమారు 150 రెట్లు. అంటే 60 కిలోల మనిషి మీద 9 టన్నులు. అదే మనిషిని రెండో తాడు ఒకటి అర మీటరు పడగానే అందుకుని, మరో అర మీటరు సాగుతూ ఆపిందనుకోండి. సగటు బలం బరువుకు రెండింతలే. నొప్పి ఉంటుంది, కాని సాయంత్రానికి ఇంటికి నడిచిపోతాడు. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడే దూరాన్ని తగ్గించడం, ఆగే దూరాన్ని పెంచడం: ఇట్లాంటి రక్షణ తాళ్ళ వెనుక ఉన్న సూత్రం ఇదే. మీ ఇంట్లో, మీ వాడలో చెట్టెక్కేవాళ్ళుంటే ఈ లెక్క వాళ్ళకు చెప్పండి. కిట్టు ఇంట్లో మూలకు వేలాడుతుంటే ఏ సూత్రమూ కాపాడదు.

ఈ మాట నేను ఉత్తగా అనడం లేదు. నేను కొత్తగా సైట్ బాధ్యత తీసుకున్న రోజుల్లో, పరంజా మీద పనిచేసే ఒక పాలమూరు కూలీ నాలుగు మీటర్ల ఎత్తునుంచి పడ్డాడు. నడుముకు బెల్టు ఉంది. దాని కొక్కెం మాత్రం దేనికీ తగిలించలేదు, పక్కన వేలాడుతున్నది. ఆ పొద్దున 'అందరూ బెల్టులు ధరించారు' అని రిజిస్టరులో సంతకం చేసింది నేను. రాసింది అబద్ధం కాదు. కాని నేను బెల్టు చూశాను, బలం ఏ దారిన నేలకు దిగుతుందో చూడలేదు. అతనికి కాలు, తుంటి విరిగాయి. ఆరు నెలల తరువాత ఊరికి పోతూ నాకు చెప్పే పోయాడు. నేను అతని ముఖం సూటిగా చూడలేకపోయాను. బలం ఎక్కడుందో చూపించలేకపోతే బడిలో పోయేది మార్కులు. సైట్లో పోయేవి కాళ్ళు చేతులు.

ఇప్పుడు పెద్ద వస్తువు దగ్గరికి పోదాం. మన బడి పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు విహారయాత్రకు పోయే చోటే, నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. వేలాది కూలీలు రాళ్ళు నెత్తిన మోసి కట్టిన రాతి కట్టడం అది.

మా యాత్రలో ఒకడు అడిగాడు: "ఇంత సముద్రం వెనుకనుంచి నెడుతుంటే కట్ట ఎట్లా ఆగుతున్నది సార్?" ప్రశ్న మంచిదే, కాని అందులో ఒక పొరపాటు ఉంది. కట్టను నెట్టే బలానికి వెనుక జలాశయం ఎంత దూరం ఉందన్నదానితో సంబంధం లేదు, లోతుతోనే సంబంధం. కట్ట వెనుక నీళ్ళు పది గజాలే ఉన్నా, పదుల కిలోమీటర్లు ఉన్నా, లోతు ఒకటే అయితే నిలిచిన నీటి నెట్టుడు ఒకటే. లోతు 100 మీటర్లు అనుకుంటే, కట్ట పొడవులో ప్రతి మీటరు మీదా 5,000 టన్నుల బలం పడుతుంది.

దీన్ని ఆపేది కట్ట సొంత బరువు. ఒక నమూనా లెక్క చేద్దాం, ఇది సాగర్ డిజైన్ కాదు. 100 మీటర్ల ఎత్తు, అడుగున 80 మీటర్ల వెడల్పు ఉన్న త్రిభుజాకారపు రాతికట్ట ప్రతి మీటరుకూ సుమారు 9,600 టన్నులు తూగుతుంది. ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, జారకుండా పట్టే బలం 6,700 టన్నులు. 5,000 కన్నా ఎక్కువే, బాగానే ఉంది. కాని నీళ్ళు కట్ట అడుగుకు కూడా ఊరి, దాన్ని పైకి ఎత్తుతాయి. ఏ అడ్డూ లేకపోతే ఈ ఎత్తుడు 4,000 టన్నుల దాకా ఉంటుంది. అప్పుడు నేల మీద నిలిచే బరువు 5,600, ఘర్షణ పట్టు 3,900. ఘర్షణ ఒక్కదాన్నే నమ్ముకుంటే కట్ట జారినట్టే. అందుకే రాతితో గట్టి అతుకు కావాలి, పునాది బండలోని పగుళ్ళలోకి సిమెంటు పాలు ఎక్కించాలి, ఊరిన నీటిని బయటికి లాగే రంధ్రాలు, గ్యాలరీలు పెట్టాలి. ఆ ఎత్తుడును సగానికి తగ్గించినా, పట్టు మళ్ళీ 5,300కు చేరుతుంది. కట్ట ముందు నిలబడి ఫొటో దిగేటప్పుడు మనకు కనబడే రాయి ఎంత పనిచేస్తున్నదో, కనబడని ఆ చిన్న రంధ్రాలూ అంత పనిచేస్తున్నాయి.

చివరగా మన నేల సంగతి. నీరు పల్లమెరుగు అంటారు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారాయి. దేవరకొండ, మునుగోడు మెట్టలకు వాటంతట అవి ఎక్కలేదు. కట్ట పక్కనే ఉండి ఎండిన ఊళ్ళు మనవి. అందులో రాజకీయం కూడా ఉంది, దాని గురించి మాట్లాడటం నా పని కాదు. భౌతికశాస్త్రం మాత్రం ఇది: ఒక ఘనపు మీటరు నీటిని 100 మీటర్లు ఎత్తడానికి పావు యూనిట్ పైచిలుకు కరెంటు కావాలి. ఒక టీఎంసీ ఎత్తాలంటే, నష్టాలేవీ లేకుండానే 77 లక్షల యూనిట్లు. పుట్టంగండి దగ్గరైనా, పాలమూరు వైపు కల్వకుర్తి ఎత్తిపోతల దగ్గరైనా, ప్రతి చుక్కకూ ఈ లెక్క తప్పదు. మన తాతలకు ఇది చేతిపనిలో తెలుసు. మోటబావి దగ్గర ఎద్దుల దారి పల్లానికి దిగేటట్టు తవ్వేవారు. నీళ్ళు పైకి రావాలంటే ఎద్దుల బరువు కిందికి దిగాలి. ఇంత ఖర్చుతో మెట్టకెక్కిన నీటిని ఏ పంటకు పెట్టాలన్నది మీరు పెద్దయ్యాక తేల్చాల్సిన లెక్క.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మన ప్రయోగశాలలో స్ప్రింగు త్రాసులు రెండే ఉన్నాయని, అందులో ఒకటి పనిచేయదని ఇందాక తెలిసింది. పిల్లలు ఒక్కొక్కరి చేతికీ ఒకటి వచ్చేటట్టు మా 1985 బ్యాచ్ తరఫున కొని ఇస్తాం. గురువులకు కూడా ఒక మనవి. బలాల పాఠం చెప్పే రోజున ఒక పీరియడు పిల్లలను తాటిచెట్టు దగ్గరికి తీసుకుపోండి. మోకు వేసి రెండడుగుల ఎత్తులో వెనక్కి వాలడం చూపించడానికి నా మిత్రుడు వస్తానన్నాడు. పదో తరగతి పూర్తిచేయలేకపోయిన మనిషి, ఈ బడికి పాఠం చెప్పడానికి వస్తున్నాడు. ఆ రోజు నేనూ వచ్చి వెనుక బెంచీలో కూర్చుంటాను.

సెలవు.