ఇంటి మేడ మీదే ప్రయోగశాల
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ సహాయంతో నడుస్తున్న సాయంత్రపు ట్యూషన్ కేంద్రంలో సైన్సు చెప్పే ఉపాధ్యాయుల తరఫున నాలుగు మాటలు చెప్పుకుంటాం. మన పిల్లలకు పాఠం నోటికి వస్తుంది. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటని అడిగితే గడగడా చెప్తారు. "అలా జరుగుతుందని నీకెలా తెలుసు?" అంటే మాత్రం "పుస్తకంలో ఉంది సార్" అంటారు. ఇలా చదివిన పిల్లలు పదో తరగతి గట్టెక్కుతారు గాని, ఇంటర్‌లో సైన్సు గ్రూపు అనేసరికి వెనక్కి తగ్గుతారు. భయపడి తప్పుకున్న బిడ్డకు మనం ఇచ్చే స్కాలర్‌షిప్పు అక్కరకు రాదు.

అందుకని ల్యాబ్ కట్టించమని మేము అడగడం లేదు. పిల్లలు ఇంట్లో తమంతట తాము చేసుకునే ప్రయోగాలు కావాలంటున్నాం. మన ఇళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. అబ్బా ఆటో మీద ఉంటారు, అమ్మీ కుట్టుపనిలో ఉంటుంది. పక్కన కూర్చుని చూపించే తీరిక ఎవరికీ లేదు. అందుకే ప్రయోగాన్ని ఎంచేటప్పుడు నాలుగు షరతులు పెట్టుకున్నాం. పొయ్యి వెలిగించకూడదు. కరెంటు, యాసిడ్ జోలికి పోకూడదు. డబ్బు ఖర్చు కాకూడదు. ఫలితం మేము ముందుగా చెప్పకూడదు.

ఇలాంటివి వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ప్రభుత్వ సైన్సు పుస్తకాల్లో 'కృత్యం' అన్న పేరుతో ఎన్నో ఉన్నాయి. జన విజ్ఞాన వేదిక వారి 'చెకుముకి' పత్రిక ఉంది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబులతో సైన్సు నేర్పిన అరవింద్ గుప్తా గారి పుస్తకాలున్నాయి. వంటింట్లో పసుపు ఉంది. పసుపు నీళ్లలో తడిపి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్లు వేస్తే ఎర్రబడుతుంది, ఆ మచ్చ మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. మరి మజ్జిగ వేస్తే? వంటసోడా నీళ్లు వేస్తే? ముందు తన ఊహ రాసుకుని, తర్వాత వేసి చూసి, రెండూ పోల్చుకోవాలి.

మాకు అన్నిటికంటే నచ్చింది నీడ ప్రయోగం. మేడ మీద ఒక కర్ర నిట్టనిలువుగా నిలబెట్టి, ఉదయం 11 గంటలకు నీడ కొసన సుద్దతో గుర్తు పెట్టి, పొడవు కొలవాలి. మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ సరిగ్గా అంతే పొడవు ఎప్పుడవుతుందో చూడాలి. ఆ రెండు సమయాలకు నట్టనడుమ ఉన్నదే అసలు మధ్యాహ్నం. ఏప్రిల్ మధ్యలో మన హైదరాబాద్‌లో రెండో గుర్తు 1 గంట 32 నిమిషాల ప్రాంతంలో పడుతుంది. అంటే నడిమధ్యాహ్నం 12కు కాదు, 12 గంటల 16 నిమిషాలకు!

ఎందుకిలా? మన గడియారాలు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు ఆలస్యం. మస్జిద్ గోడ మీది నమాజు వేళల పట్టికలో జుహర్ వేళ ఈ మధ్యాహ్నం దాటాకే మొదలవుతుంది. విజయవాడ పట్టికకూ మన పట్టికకూ సుమారు 9 నిమిషాల తేడా ఎందుకో పిల్లవాడు తన సుద్దముక్కతో తేల్చుకుంటాడు. నీడ కర్రకు రెండింతలై, దానికి మధ్యాహ్నపు నీడ కలిసినప్పుడు హనఫీ పద్ధతిలో అసర్ వేళ. అదీ కొలిచి చూసుకోవచ్చు. బయటి ట్యూషన్‌కు పంపని ఇంటి ఆడపిల్ల కూడా ఈ ప్రయోగం చేయగలదు. సూర్యుడి వైపు నేరుగా చూడవద్దన్న ఒక్క జాగ్రత్త చాలు.

ఇది మనకు కొత్త విద్య కాదు. సుమారు 965లో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ చీకటి గది, చిన్న రంధ్రం, కొన్ని దీపాలతోనే వెలుగు సంగతి పరీక్షించారు. ఆయన 'కితాబుల్ మనాజిర్' తర్వాత లాటిన్‌లోకి వెళ్లి ఐరోపా పండితులకు పాఠమైంది.

ఇక మా విన్నపం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ప్రతి బిడ్డకూ ఒక కొలత టేపు, ఒక భూతద్దం, గీతల్లేని నోటుబుక్కు ఉన్న ఒక అట్టపెట్టె ఇప్పించండి. కేంద్రానికి 'చెకుముకి' చందా కట్టండి. వీలున్నవారు సదఖాగా ఇవ్వండి. రెండోది డబ్బుతో తీరేది కాదు. నెలకొక ఆదివారం మీలో ఇద్దరు ముగ్గురు వచ్చి పిల్లల నోటుబుక్కులు చూడండి. "ఎన్ని మార్కులొచ్చాయి?" అనకండి. "నువ్వేం చూశావు బేటా, నువ్వేం చూశావు బేటీ?" అని అడగండి. బట్టల కొట్టులో గజం కొలిచే చేతికీ, తక్కెడ పట్టే చేతికీ కొలత విలువ తెలుసు. పెద్దవాళ్లు వచ్చి అడుగుతారని తెలిస్తే పిల్లలు మరునాడు మళ్లీ కొలుస్తారు.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లల జ్ఞానాన్ని పెంచుగాక. ఆమీన్.