పడవను లాగు బండి - గేరుపెట్టె సంరక్షణము



చెరువు ఊరిలోనికి వచ్చినప్పుడు పడవ వీధిలోనికి రావలసియుండును. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీని హైదరాబాదు తూర్పు దిక్కున జరిగినది ఇదియే. ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్క దినములో 30 సెంటీమీటర్లకు మించి వర్షము కురిసెను. సరూర్‌నగర్ చెరువు దిగువనున్న దిల్‌సుఖ్‌నగర్ కాలనీలును, ఎల్.బి.నగర్ వైపున కప్రాయి చెరువు ప్రక్కనున్న హరిహరపురమును నీట మునిగెను. ఆ దినములలో పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమునుండియు పడవలు పంపబడెను.

పడవ నీటిపై నడచుట అందఱును ఎఱిగినదే. దానిని నేలపై నడిపించుట వేఱొక విద్య. మీ గ్రామమున కట్ట తెగినను వాగు పొంగినను, పడవ తెచ్చుటకు ఏ బండి పోవలెను, ఎవ్వడు నడుపవలెను అని నిర్ణయించువారు పెద్దలైన మీరే. నడిదారిలో గేరు చెడి బండి నిలిచినచో పడవ బండి వెనుకను, మనుష్యులు మిద్దెల మీదను ఉందురు. కావున ఈ సంగతి కుఱ్ఱవాండ్రకే విడిచిపెట్టదగినది కాదు.

ఇంజను శక్తిని చక్రములకు అందించు యంత్రభాగమును మా పండితమిత్రులు శక్తిసంక్రమణి యనవచ్చును. మెకానిక్కు షెడ్డులో ఆ మాట పలికినచో పలుకువాడుండడు. మనము గేరుపెట్టె యనియే చెప్పుకొందము. దాని ముందర క్లచ్చిప్లేటు కలదు. తిరుగుచున్న ఇంజనునకును, నిలిచియున్న గేర్లకును నడుమ నుండి, రెంటిని మెల్లగా కలుపుట దాని పని. పూర్తిగా కలిసినప్పుడు దానికి శ్రమ లేదు. పూర్తిగా విడిపోయినప్పుడును లేదు. సగము కలిసి సగము జాఱుచున్నప్పుడే ఒరపిడి పుట్టును. ఒరపిడివలన వేడిమి పుట్టును. డ్రైవర్లు దీనినే హాఫ్ క్లచ్చి యందురు. ఖాళీ బండికి ఈ జాఱుడు క్షణకాలము. వెనుక పడవ యున్నచో ఆ క్షణము సాగి సాగి, ప్లేటు పైపూత మాడి, కమురు వాసన కొట్టును. ఆ వాసన వచ్చినవెంటనే బండిని ప్రక్కకు తీసి చల్లార్పవలయును. గమ్యము దగ్గఱనే యున్నది గదా యని ఇంకొంచెము లాగినవాడు మిగిలిన ప్లేటును గూడ పోగొట్టుకొనును.

దూరప్రయాణము గేరును చెఱచునని పెక్కుమంది భ్రమ. విజయవాడనుండి హయత్‌నగరము వఱకు గల దారిలో బండి ఒకే వేగమున పోవుచుండును, క్లచ్చి పూర్తిగా కలిసియుండును, గాలి తగులుచుండును. అచ్చట చెడునది తక్కువ. అసలు పరీక్ష ఎల్.బి.నగర్ చౌరస్తా దాటిన పిదప మొదలగును. అచ్చటినుండి విక్టోరియా మెమోరియల్, చైతన్యపురిల మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరు కొలది మైళ్ళలో బండి ఎన్నిమార్లు ఆగునో, ఎన్నిమార్లు కదలునో లెక్కకు రాదు. ఆగిన ప్రతిమాఱును మరల కదల్చుటలో ప్లేటు అరుగును. కావున ముందరి బండి జానెడు కదలినంతనే మనమును జానెడు కదలరాదు. నాలుగైదు బండ్ల చోటు ఏర్పడువఱకు నిలిచి, మొదటి గేరులో కాలు చక్కగా తీసివేసి పోవలెను. వెనుకవాడు హారను మ్రోయించును. మ్రోయించనిండు. వాని హారనువలన మన ప్లేటు కాలదు.

వంతెనలు ఎక్కుచోట ఆగవలసివచ్చినచో, బండిని క్లచ్చితోను ఆక్సిలేటరుతోను నిలబెట్టువారు కలరు. ఇంతకంటె చెడు అలవాటు వేఱొండు లేదు. హ్యాండుబ్రేకు ఉన్నది అందులకే. దిగునప్పుడు న్యూట్రలు చేయరాదు. ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలయును. అట్లయిన ఇంజనే పగ్గము పట్టినట్లు బరువును ఆపుకొనును. ట్రాక్టరునకును, కొన్ని జీపులకును లో గేరు మీట వేఱుగా నుండును. దానిని దుక్కికే గాని రోడ్డుపై వాడరాదని కొందఱి సందేహము. బరువు మిక్కిలియై, వేగముతో పనిలేని చోట వాడుటకే అది చేయబడినది. పడవను వెనుకకు నడపి నీటిలో దించునప్పుడు దానిని మించిన సహాయము లేదు.

ఎడమకాలికి పనిలేని కార్లు ఇప్పుడు పట్టణమున విస్తారము. మీ కొడుకులో అల్లుండ్రో దిల్‌సుఖ్‌నగరమునుండి అట్టి కారుతో వచ్చి, పడవను నేను లాగెదననవచ్చును. అట్టి కార్లన్నియు ఒక జాతివి కావు. కొన్నిటిలో మామూలు క్లచ్చిప్లేటే యుండును; కాలికి బదులు యంత్రము దానిని నొక్కును. అవి గట్టుపై ఆక్సిలేటరుతో నిలబెట్టినచో త్వరగా మాడును. మఱికొన్నిటిలో నూనె నిండిన డొల్లలో ఎదురెదురుగా రెక్కల చక్రములుండును. ఒకటి తిరిగి నూనెను చిమ్మగా, ఆ ఒరవడికి రెండవది తిరుగును. మొదటిది గిరగిర తిరుగుచు రెండవది బరువుచే మెల్లగా కదలునప్పుడు, నడుమ పోయిన శక్తియంతయు నూనెలో వేడిమియగును. ఆ నూనె సాధారణముగా 80 మొదలు 95 డిగ్రీల వేడిలో పనిచేయును. 120 డిగ్రీలు దాటిన పిదప దాని ఆయుస్సు వేగముగా తఱుగును. ఎఱ్ఱని నూనె గోధుమవన్నెకు తిరిగి మాడువాసన వేసినచో, అది కాలినదని గుర్తు. అట్టి బండిని లాగుటకు వాడువారు గేరు పదేపదే మాఱకుండ క్రింది గేరులో నిలుపవలెను. వీలున్న నూనెను చల్లార్చు జాలి నొకదానిని ముందర బిగింపించుకొనవలెను. అన్నిటికంటె ముందు బండితో వచ్చిన పుస్తకము చదువవలెను. అందు ఎంత బరువు లాగవచ్చునో వ్రాసియుండును. కొన్నింట లాగనే కూడదని యుండును. ఆ పుస్తకమును పెట్టెలోనుండి వెలికి తీయనివారే హెచ్చు.

ఎద్దుబండి తోలినవారికి తరువాతి మాట చెప్పనక్కఱలేదు. బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచి ఎద్దుల మెడలు బిగియును. ముందునకు వచ్చినచో మెడలు క్రుంగును. ట్రెయిలరు సంగతియు అంతే. మొత్తము బరువులో సుమారు పదవవంతు కొక్కెముపై నుండవలెను. బయలుదేఱకముందే ట్రెయిలరు చక్రమును పైకెత్తి చేతితో త్రిప్పి చూడవలెను. బ్రేకు పట్టుకొన్నను, టైరులో గాలి తగ్గినను, ఆ భారమంతయు పోయి గేరుమీదనే పడును. పడవలో నిలిచిన నీటిని బిరడా తీసి వదలివేయవలెను. లీటరు నీరు కిలోగ్రాము బరువు. పడవలో పది బిందెల నీరున్నను ఇద్దఱు మనుష్యులను ఊరకే మోసినట్లగును.

పడవను నీటినుండి పైకి లాగుట మిగుల కష్టమైన ఘట్టము. నీటిలో ఉన్నంతసేపు పడవ బరువును నీరే మోయుచుండును. బండి తేలికగా కదలుటచే నడుపువాడు ధైర్యము తెచ్చుకొనును. ఒడ్డుమీదికి వచ్చినకొలది ఆ బరువు మెల్లమెల్లగా బండిపై వ్రాలును. అచ్చటనే బురద, అచ్చటనే పాచి, అచ్చటనే ఏటవాలు. నడుమ ఆగి, మరల హాఫ్ క్లచ్చితో లాగజూచిన ప్లేటు నిలువదు. మొదటినుండియు లో గేరు వేసి, ఆగకుండ ఎక్కవలెను. జాఱునట్లు తోచినచో ఇంజనును రొద చేయింపక, మోకు కట్టి పదిమంది పట్టుట గాని, రెండవ ట్రాక్టరును ముందర తగిలించుట గాని మేలు. దీనిలో చిన్నతనమేమియు లేదు.

వరదనీటిలో దిగు బండికి మఱియొక అపాయము కలదు. గేరుపెట్టెకు ఊపిరి పోవుటకై సన్నని రంధ్రమొకటి యుండును. వేడెక్కిన పెట్టె తటాలున చల్లనినీట మునిగినచో లోపలిగాలి ముడుచుకొని, ఆ రంధ్రముగుండ నీటిని పీల్చును. కావున దూరము లాగివచ్చిన బండిని వెంటనే నీటిలో దింపక, కొంతసేపు చల్లాఱనిచ్చి దింపవలెను. పని ముగిసిన పిదప నూనెపుల్ల తీసి చూడవలెను. పుల్ల లేని బండికి పెట్టె ప్రక్కనున్న బిరడాను మెకానిక్కుచే విప్పించి చూడవలెను. నూనె తేటగా నున్నచో భయము లేదు. పాలు కలిపిన కాఫీవలె నున్నచో నీరు చేరినదన్నమాట. అప్పుడు ఇంజనును స్టార్టు చేయక, బండిని షెడ్డుకు మోయించుకొనిపోయి, పాత నూనెనంతయు దింపించి, లోపల కడిగించి క్రొత్తనూనె పోయింపవలయును.